కొత్త ఫైర్‌ఫాక్స్ మీద పాత వర్షన్ వేస్తున్నారా? ముందు ప్రొఫైల్ సంగతి చూసుకోండి

ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్ అయింది. మర్నాటి నుంచి ఆఫీసు పని చేసుకునే సైటు మొరాయిస్తోంది, లేదా రోజూ వాడే యాడ్-ఆన్ ఆగిపోయింది. ఎవరికైనా మొదట తట్టేది ఒకటే: పాత వర్షనే మళ్లీ వేసేద్దాం. వేయడం పెద్ద పనేం కాదు. పాత ఇన్‌స్టాలర్ దించుకుని, ఉన్నదాని మీదే నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే కాసేపట్లో అయిపోతుంది. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. బుక్‌మార్కులు కనిపించవు, పాస్‌వర్డ్‌లు రావు. లేదంటే ఫైర్‌ఫాక్స్ అసలు తెరుచుకోనే తెరుచుకోదు.

కారణం తెలిస్తే మిగతా పని సులువు కాబట్టి ముందు అది చూద్దాం. ఫైర్‌ఫాక్స్ మీ కంప్యూటర్‌లో రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ప్రోగ్రామ్. అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటుంది, ఇన్‌స్టాలర్ మార్చేది దాన్నే. రెండోది ప్రొఫైల్. మీ బుక్‌మార్కులు, హిస్టరీ, పాస్‌వర్డ్‌లు, కుకీలు, యాడ్-ఆన్‌లు, సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటాయి. విండోస్‌లో ఇది యాప్‌డేటా అనే దాగి ఉన్న ఫోల్డర్ లోపల, ఏవో కొన్ని అక్షరాలూ అంకెలూ కలిపి, చివర డిఫాల్ట్-రిలీజ్ అన్న పేరుతో ఉంటుంది. కొత్త వర్షన్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు ఈ ప్రొఫైల్‌లోని ఫైళ్లను తన పద్ధతికి మార్చుకుంటుంది. పాతదాన్ని కొత్తదిగా మార్చే దారిని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు రాస్తారు, పరీక్షిస్తారు. వెనక్కి వచ్చే దారికి మాత్రం హామీ ఇవ్వరు. 2017లో వచ్చిన 55వ వర్షన్ విడుదల సమాచారంలోనే ఈ సంగతి చెప్పారు. అంటే మీరు ప్రోగ్రామ్‌ను వెనక్కి తెచ్చినా ప్రొఫైల్ ముందే ఉండిపోతుంది.

చాలామంది చేసే ఇంకో పని కూడా ఇందుకే ఫలించదు. కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి ఫైర్‌ఫాక్స్‌ను పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, పాతది వేస్తారు. మళ్లీ అదే సమస్య వస్తుంది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోయేది ప్రోగ్రామే, ప్రొఫైల్ ఉన్నచోటే ఉంటుంది. ఒకరకంగా అదీ మన మంచికే.

ఏమేం చెడతాయి

బుక్‌మార్కులు, హిస్టరీ రెండూ ప్లేసెస్ డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైలులో ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌కు ఆ ఫైలు చెడిపోయినట్టు అనిపిస్తే పేరు చివర కరప్ట్ అని తగిలించి పక్కన పెట్టేస్తుంది. తర్వాత కొత్త ఫైలు తయారు చేసి, తాను అప్పుడప్పుడు తీసుకున్న బ్యాకప్ నుంచి బుక్‌మార్కులు నింపుతుంది. అలా బుక్‌మార్కులు చాలావరకు తిరిగొస్తాయి. హిస్టరీకి అలాంటి బ్యాకప్ లేదు కాబట్టి అది పోయినట్టే.

పాస్‌వర్డ్‌లకు రెండు ఫైళ్లు జోడీగా ఉండాలి. ఒకదాంట్లో పాస్‌వర్డ్‌లు, ఇంకోదాంట్లో వాటిని విప్పే తాళం. 58వ వర్షన్‌లో ఈ తాళం ఫైలు కీ3 నుంచి కీ4కి మారింది. 58 కన్నా వెనక్కి వెళ్తే పాత ఫైర్‌ఫాక్స్‌కు కీ4 అంటే ఏమిటో తెలియదు.

యాడ్-ఆన్‌లది మరో కథ. అవి తమ సమాచారం దాచుకునే పద్ధతి 66లో మారింది. అంతకంటే వెనక్కి వెళ్తే యాడ్-ఆన్ ఉంటుంది కానీ కొత్తగా అప్పుడే వేసినట్టు ఖాళీగా కనిపించవచ్చు. సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే స్టోరేజ్‌ను పాత వర్షన్ తెరవలేకపోతే మరీ చిరాకు. సైటు తెరుచుకున్నట్టే ఉంటుంది, లాగిన్ మాత్రం నిలవదు. తప్పు సైటుదని అనుకుని గంటలు గంటలు దాని మీదే పడతాం.

మనకు తెలియకుండానే వెనక్కి వెళ్లే సందర్భాలు

పాత ఇన్‌స్టాలర్ వేస్తేనే ఈ సమస్య వస్తుందని అనుకోకండి. విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే బీటా గానీ నైట్లీ గానీ కొన్నాళ్లు వాడి, అదే ప్రొఫైల్‌తో మామూలు ఫైర్‌ఫాక్స్‌కి వస్తే అదీ వెనక్కి రావడమే. మామూలు వర్షన్ నుంచి ఈఎస్‌ఆర్‌కి మారడమూ అంతే. ఈఎస్‌ఆర్ అంటే ఆఫీసులు, కాలేజీల కోసం ఎక్కువ కాలం మార్పులు లేకుండా, భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇచ్చే వర్షన్. దాని నంబరు మామూలు దానికన్నా వెనకే ఉంటుంది. ఇంట్లో విండోస్ 7 కంప్యూటర్ ఇంకా నడుస్తోందా? దాని మీద ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ వరకే వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లోని ప్రొఫైల్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అందులో పెడితే అక్కడా ఇదే గొడవ.

అసలు వెనక్కి వెళ్లాల్సిన అవసరం ఉందా

పాత వర్షన్ వెతికేముందు ఈ మూడూ చేసి చూడండి. సైటు ఆడనంత మాత్రాన కొత్త వర్షనే కారణమని అనుకోనక్కర్లేదు.

1. సైటు తెరిచి ఉంచి, అడ్రస్ బార్ ఎడమవైపున్న డాలు గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటుకు ట్రాకింగ్ ప్రొటెక్షన్ ఆపండి. పేమెంట్ పేజీలు, పాప్-అప్ లాగిన్‌లు తరచూ తగులుకునేది ఇక్కడే.

2. మెనూలో హెల్ప్‌కి వెళ్లి ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరవండి. పాత వర్షన్లలో దీన్నే సేఫ్ మోడ్ అనేవారు. ఇందులో సైటు బాగా పనిచేస్తే దోషం ఏదో యాడ్-ఆన్‌దో, థీమ్‌దో. దాన్ని తీసేస్తే సరిపోతుంది.

3. అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో అబౌట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ప్రొఫైల్స్ అని కొట్టండి. వచ్చిన పేజీలో కొత్త ప్రొఫైల్ సృష్టించి, దాంతో అదే సైటు తెరవండి. కొత్త ప్రొఫైల్‌లో పనిచేసిందంటే వర్షన్ తప్పు కాదు, మీ పాత ప్రొఫైల్‌లోనే ఏదో పాడైంది.

ఈ మూడూ అయ్యాక కూడా సైటు ఆడకపోతే అప్పుడు పాత వర్షన్ గురించి ఆలోచించవచ్చు. అయితే ఎంత పాతది అన్నది ముఖ్యం. డిజిటల్ సిగ్నేచర్‌తో టెండర్లు వేసేవాళ్లు ఒకప్పుడు జావా ఆప్లెట్ (బ్రౌజర్‌లోనే నడిచే చిన్న జావా ప్రోగ్రామ్) కోసం 52 ఈఎస్‌ఆర్‌ను పట్టుకుని వేలాడారు. మామూలు ఫైర్‌ఫాక్స్‌లో 2017 మార్చిలో వచ్చిన 52 నుంచే ఫ్లాష్ తప్ప, జావా సహా మిగతా ప్లగిన్‌లు ఆగిపోయాయి మరి. ఆ ఏడాది నవంబరులో 57 వచ్చి పాత తరహా యాడ్-ఆన్‌లన్నిటికీ మంగళం పాడింది. సొంత ఫాంట్లతో నడిచిన తెలుగు పత్రికల పేజీలను యూనికోడ్‌లో చూపించిన పద్మ అనే యాడ్-ఆన్ ఆ తరహాదే. ఆ రోజుల్లో వెనక్కి వెళ్లినవాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇప్పుడు అంత వెనక్కి వెళ్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

ఎందుకంటే యాడ్-ఆన్‌లను తనిఖీ చేయడానికి ఫైర్‌ఫాక్స్‌లో ఉండే ఒక రూట్ సర్టిఫికెట్ గడువు 2025 మార్చి 14తో ముగిసింది. 128 కన్నా పాత మామూలు వర్షన్లలోనూ, 115.13 కన్నా పాత ఈఎస్‌ఆర్‌లలోనూ యాడ్-ఆన్‌లు ఆగిపోవచ్చు. కాపీ రక్షణ ఉన్న వీడియోలు ఆడకపోవచ్చు. యాడ్-ఆన్ కోసమే వెనక్కి వెళ్లి, ఆ యాడ్-ఆనే పనిచేయకపోతే ఏం లాభం? అందుకే నా సలహా ఒకటే: తప్పదనుకుంటే ఈఎస్‌ఆర్‌కే వెళ్లండి, అందులోనూ ఆ వరుసలో ఆఖరిగా వచ్చినదే తీసుకోండి.

ముందు బ్యాకప్

ఇది వదిలేసి కిందికి వెళ్లకండి.

అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, సపోర్ట్ అని కొట్టండి. ప్రొఫైల్ ఫోల్డర్ అన్న వరుసలో ఓపెన్ ఫోల్డర్ బటన్ నొక్కితే మీ ప్రొఫైల్ తెరుచుకుంటుంది. ఇప్పుడు ఒక మెట్టు పైకి వచ్చి, ఫైర్‌ఫాక్స్‌ను పూర్తిగా మూసేయండి. విండో మూసినా లోపల ఇంకా నడుస్తూ ఉండొచ్చు, టాస్క్ మేనేజర్‌లో ఫైర్‌ఫాక్స్ పేరు లేదని చూసుకోండి. నడుస్తుండగా కాపీ చేసిన ఫైళ్లను నమ్మలేం. ఆ తర్వాత ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి వేరే డ్రైవ్‌లో పెట్టండి. పేరులో తేదీ, వర్షన్ నంబరు రాసుకోండి. ఆ నంబరు హెల్ప్ మెనూలోని అబౌట్ ఫైర్‌ఫాక్స్‌లో ఉంటుంది. ఈ కాపీ తిరిగి పనికొచ్చేది అదే వర్షన్‌తోనో, దానికన్నా కొత్తదానితోనో. పాతదానికి ఇవ్వడానికి కాదు.

పాతదానికి ఇవ్వాల్సినవి వేరేగా తీసుకోవాలి. ఫైర్‌ఫాక్స్ మళ్లీ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కండి. లైబ్రరీ విండోలో ఇంపోర్ట్ అండ్ బ్యాకప్ కింద ఎక్స్‌పోర్ట్ ఎంచుకుని బుక్‌మార్కులను హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దాచుకోండి. ఆ ఫైలును ఏ వర్షన్ అయినా, చివరికి వేరే బ్రౌజర్ అయినా చదువుకుంటుంది. పాస్‌వర్డ్‌లకు అబౌట్, కోలన్, లాగిన్స్ పేజీకి వెళ్లి, మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కండి. ఇలా వచ్చే సీఎస్‌వీ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. నెట్ సెంటర్‌లోనో, నలుగురు వాడే ఆఫీసు కంప్యూటర్‌లోనో అయితే ఈ ఒక్క పనీ చేయకండి.

పక్కన వేయండి, మీద వేయకండి

1. పాత ఇన్‌స్టాలర్‌ను మొజిల్లా సొంత నిల్వ నుంచే దించుకోండి. ఎఫ్‌టీపీ డాట్ మొజిల్లా డాట్ ఆర్గ్‌కి వెళ్లి పబ్, ఫైర్‌ఫాక్స్, రిలీజెస్ అనే ఫోల్డర్లలోకి వరుసగా దిగితే ప్రతి వర్షన్‌కూ ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. చివర ఈఎస్‌ఆర్ అని ఉన్నవి ఆ రకానివి. లోపల 64 బిట్ విండోస్‌కి విన్64 తెరవండి. దాని లోపల భాషల ఫోల్డర్లు ఉంటాయి. టీ, ఈ అక్షరాల ఫోల్డర్‌లో ఉన్నది తెలుగు మెనూల ఫైర్‌ఫాక్స్. ఇంగ్లిష్ మెనూలే అలవాటైతే అమెరికన్ ఇంగ్లిష్ ఫోల్డర్ తీసుకోండి. పాత వర్షన్లు ఉచితం అంటూ కనిపించే ఇతర సైట్ల జోలికి పోకండి. ఫైర్‌ఫాక్స్‌తో పాటు ఏం అంటించి ఇస్తారో చెప్పలేం.

2. ఇన్‌స్టాలర్ తెరిచాక స్టాండర్డ్ కాకుండా కస్టమ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్ పేరు మార్చండి, ఉదాహరణకు ఫైర్‌ఫాక్స్ పక్కన వర్షన్ నంబరు చేర్చండి. ఇదే కీలకం. 2019 మేలో వచ్చిన 67 నుంచి ఒక్కో ఫోల్డర్‌లోని ఫైర్‌ఫాక్స్‌కు ఒక్కో ప్రొఫైల్ విడిగా ఉంటుంది. ఫోల్డర్ వేరైతే మీ అసలు ప్రొఫైల్ జోలికి పాతది రాదు, రెండూ ఒకేసారి తెరుచుకోవచ్చు కూడా.

3. ఇన్‌స్టాల్ చివరి తెరలో వెంటనే తెరవమనే టిక్ తీసేయండి. నెట్ ఆపండి, లేకపోతే మీరు సెట్టింగులు చూసేలోపే అది అప్‌డేట్ దించుకోవడం మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత తెరిచి, సెట్టింగ్స్‌లోని జనరల్‌లో అప్‌డేట్‌ల దగ్గర, ముందు అడిగి తర్వాతే వేయమనే ఎంపికను పెట్టండి. ఈఎస్‌ఆర్ అయితే దాని సొంత వరుసలో వచ్చే భద్రతా అప్‌డేట్లను రానివ్వడమే మంచిది.

4. డెస్క్‌టాప్ మీద ఇప్పుడు రెండు నక్కలు ఒకేలా ఉంటాయి. పాతదాని షార్ట్‌కట్ పేరు వెంటనే మార్చండి. డిఫాల్ట్ బ్రౌజర్‌గా కొత్తదే ఉండాలి, పాతది అడిగితే వద్దనండి.

5. పాతదాంట్లోకి బుక్‌మార్కుల హెచ్‌టీఎంఎల్ ఫైలును ఇంపోర్ట్ చేసుకోండి. నిజానికి మీకు కావలసిన ఆ ఒక్క సైటు అడ్రస్ చాలు. పాత బ్రౌజర్‌లో మెయిలూ బ్యాంకూ అన్నీ తెరుచుకుని కూర్చోవడం మంచిది కాదు, అప్‌డేట్లు ఆగిపోయిన వర్షన్ అయితే అందులో బయటపడిన లోపాలను ఇక ఎవరూ సరిచేయరు.

67 కన్నా పాతది వేయాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. వెనక్కి వెళ్తున్నారని హెచ్చరించేది మీరు తెరుస్తున్న ఆ పాత ఫైర్‌ఫాక్సే. ఉదాహరణకు 60వ వర్షన్ తయారైన నాటికి ఆ హెచ్చరిక ఇంకా పుట్టలేదు. అది నోరు మెదపకుండా మీ కొత్త ప్రొఫైల్‌ను తెరిచేసి తనకు తోచినట్టు చదువుతుంది. అందుకని దాన్ని తెరవకముందే షార్ట్‌కట్ మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ వరుస చివర ఒక ఖాళీ వదిలి, హైఫన్, పి అక్షరం చేర్చండి. అప్పుడు తెరిచిన ప్రతిసారీ ఏ ప్రొఫైల్ కావాలో అడుగుతుంది. దానికంటూ ఒకటి కొత్తగా సృష్టించి, ఎప్పుడూ అదే ఎంచుకోండి.

హెచ్చరిక వచ్చిందా

67 గానీ ఆ తర్వాతిది గానీ అయిన పాత వర్షన్‌ను కొత్తదాని మీదే వేసేసి ఉంటే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వస్తుంది. మీరు ఫైర్‌ఫాక్స్ పాత వర్షన్ తెరిచారని, దీనివల్ల ప్రొఫైల్‌లోని బుక్‌మార్కులు, హిస్టరీ పాడవచ్చని చెబుతుంది. కింద రెండే బటన్లు: కొత్త ప్రొఫైల్ సృష్టించు, మూసేయి. మూడో దారి లేదేమని విసుక్కుంటారు గానీ, ఆ పెట్టె వచ్చిందంటే మీ సమాచారం ఇంకా భద్రంగా ఉన్నట్టే. కొత్త ప్రొఫైల్ అంటే పాతది చెరిగిపోతుందని భయపడి చాలామంది మూసేస్తారు. ఏదీ చెరగదు, పక్కన ఇంకొకటి తయారవుతుంది, అంతే.

ప్రొఫైల్ ఫోల్డర్‌లో కంపాటిబిలిటీ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లాస్ట్‌వర్షన్ అన్న వరుసలో ఈ ప్రొఫైల్‌ను ఆఖరిగా తెరిచిన వర్షన్ నంబరు కనిపిస్తుంది. హెచ్చరిక వచ్చేది దీన్ని చూసే. ఈ ఫైలు తీసేస్తే హెచ్చరిక రాదు కదా అని మీకూ అనిపించవచ్చు. నిజమే, రాదు. అలౌ-డౌన్‌గ్రేడ్ అనే ఆదేశంతో తెరిచినా రాదు. కానీ రెండూ హెచ్చరికనే ఆపుతాయి, మారిపోయిన ఫైళ్లను వెనక్కి తీసుకురావు. చేసి తీరాలనుకుంటే ప్రొఫైల్ కాపీ మీద చేయండి, అసలుదాని మీద వద్దు.

ఇప్పటికే మీద వేసేసి, సమాచారం పోయిందా

బ్రౌజర్ మూసేయండి. ఏదీ చెరపకండి, రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ అనే బటన్ నొక్కకండి. ప్రొఫైల్ ఫోల్డర్ ఉన్నది ఉన్నట్టుగా కాపీ తీసుకోండి. తర్వాత కొత్త వర్షన్‌ను మళ్లీ వేసి, అదే ప్రొఫైల్‌తో తెరవండి. పాస్‌వర్డ్‌ల విషయంలో చాలాసార్లు దీంతోనే కథ సుఖాంతమవుతుంది, ఎందుకంటే పాతది చదవలేకపోయిన ఫైలు అక్కడే ఉంటుంది. బుక్‌మార్కులు రాకపోతే లైబ్రరీలో రీస్టోర్ కింద తేదీల వారీగా బ్యాకప్‌లు ఉంటాయి, గొడవ మొదలవకముందు తేదీది ఎంచుకోండి. మామూలుగా ఫైర్‌ఫాక్స్ ఇలాంటివి 15 వరకు ఉంచుకుంటుంది. రీస్టోర్ చేస్తే ఇప్పుడున్న బుక్‌మార్కుల స్థానంలో అవి వస్తాయి, కలవవు. మధ్యలో కొత్తగా పెట్టుకున్నవి ఉంటే ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

క్రోమ్, ఫోన్ల సంగతి

క్రోమ్ ఇన్‌స్టాలర్ కొత్తదాని మీద పాతదాన్ని వేయనివ్వదు, ఇంతకన్నా కొత్తది ఉందని చెప్పి ఆగిపోతుంది. తీసేసి వేసినా పాత క్రోమ్‌కు కొత్త ప్రొఫైల్‌తో పొత్తు కుదరదు, పైగా అది తనంతట తనే మళ్లీ అప్‌డేట్ అయిపోతుంది. పాత క్రోమ్‌లో ఒక సైటును పరీక్షించడమే మీ పని అయితే గూగుల్ ఇచ్చే క్రోమ్ ఫర్ టెస్టింగ్ చూడండి. అది అప్‌డేట్ కాదు. రోజువారీ వాడకానికి మాత్రం కాదు.

ఆండ్రాయిడ్ ఫోన్లో కొత్త యాప్ మీద పాత యాప్ ఫైలు వేస్తే యాప్ ఇన్‌స్టాల్ కాలేదన్న మెసేజ్ వస్తుంది. తీసేసి వేయాలి, తీస్తే లోపలిదంతా పోతుంది, కాబట్టి ముందు సింక్ ఆన్ చేసుకోండి. ఉబుంటు లినక్స్‌లో స్నాప్ రివర్ట్ అనే ఆదేశంతో ఫైర్‌ఫాక్స్ వెనక్కి వస్తుంది గానీ, ప్రొఫైల్ అన్ని రివిజన్లకూ ఉమ్మడిగా ఉండే ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి అది వెనక్కి రాదు.

పని అయిపోయాక

సైటు వాళ్లు సరిచేసుకున్నాక పాత ఫైర్‌ఫాక్స్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ప్రోగ్రామ్‌ల జాబితాలో రెండు పేర్లు ఉంటాయి, వర్షన్ నంబరు చూసి నొక్కండి. తర్వాత కొత్త ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ పేజీకి వెళ్లండి. ఇప్పుడు వాడుతున్న ప్రొఫైల్ ఏదో ఆ పేజీలోనే రాసి ఉంటుంది, దాన్ని తొలగించనివ్వదు. పాతదాని కోసం సృష్టించినదాన్ని ఎంచుకుని రిమూవ్ నొక్కితే ఫైళ్లు కూడా చెరపాలా అని అడుగుతుంది, సరేననండి. పాస్‌వర్డ్‌ల సీఎస్‌వీ ఫైలును రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసేయండి. ప్రొఫైల్ కాపీని మాత్రం ఇంకో నెల ఉంచుకోండి.